కృత్రిమ మేధ వచ్చాక డేటాబేస్ పని, కోడింగ్ పని ఎటు పోతున్నాయి? పనిలో ఉన్న సీమ సభ్యులు చెప్పగలరు

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు) రాశారు:

అందరికీ నమస్కారం. నేను ఈ ఏడాదే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. మా నాన్న ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. హైదరాబాదుకు వెళ్లి అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (ఒరాకిల్ డేటాబేసులను నిర్వహించే పని) కోర్సు చేయాలని నాలుగు నెలల క్రితమే అనుకుని, ఫీజుకూ హాస్టలుకూ డబ్బు సర్దుకున్నాము. ఇంతలో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా సీనియర్ ఒకరు ఫోన్ చేసి, డేటాబేసులను ఇక ఏఐ చూసుకుంటుందని, క్వెరీలు (డేటాబేసును అడిగే ప్రశ్నలు) కూడా అదే రాస్తుందని, ఆ కోర్సుకు రూపాయి కూడా పెట్టవద్దని చెప్పారు.

ఆయన మాటలో ఎంత నిజం ఉందో తెలుసుకోవాలని, మేము నలుగురం మూడు వారాలు కష్టపడి చేసిన గ్రంథాలయ ప్రాజెక్టును ఒక చాట్‌బాట్‌కు వివరించి చూశాను. ఇరవై నిమిషాల్లో టేబుళ్లు, ప్రైమరీ కీలు, ఒక టేబుల్‌ను మరొకదానితో కలిపే ఫారిన్ కీలు, స్క్రీన్లు అన్నీ తయారయ్యాయి. మేము మరిచిపోయిన ఒక ఫారిన్ కీని కూడా అది పెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ రోజువారీ పనిలో ఏమి మారిందో పనిలో ఉన్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని కోరుతున్నాను. నాకు ధైర్యం చెప్పడం కోసం ఏదీ తగ్గించి చెప్పవద్దు.

హంద్రీ తీరం (కర్నూలు) రాశారు:

పెన్నా గట్టు గారికి. నేను పంతొమ్మిదేళ్లుగా ఒరాకిల్ డీబీఏగా పనిచేస్తున్నాను. గత ఐదేళ్లుగా కర్నూలులో మా ఇంటి నుంచే పని. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కనుక ముందు చేదు సంగతే చెబుతాను. టేబుల్‌స్పేస్ (డేటాకు కేటాయించిన చోటు) నిండితే డేటాఫైలు చేర్చడం, అలర్ట్ లాగ్‌లో వచ్చిన ఎర్రర్ నంబరుకు అర్థం వెదకడం, డేటాబేస్ పనితీరు చెప్పే ఏడబ్ల్యూఆర్ రిపోర్టును పేజీలకు పేజీలు తిరగేసి ఏ క్వెరీ బరువుగా నడుస్తోందో పట్టుకోవడం వంటి పనులతో నా తొలి ఐదేళ్ల ఉద్యోగం గడిచింది. ఇప్పుడు వాటిలో చాలా వరకు మనిషి చేయనక్కరలేదు. ఆ రిపోర్టును ఏఐకి ఇస్తే రెండు నిమిషాల్లో సారాంశం చెబుతుంది, అది చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది.

ఇది రాత్రికి రాత్రి వచ్చిన మార్పు కాదు. 2003లో 10జీ వెర్షన్ విడుదలైనప్పుడే ఒరాకిల్, డేటాబేసు తన జబ్బును తానే గుర్తించే ఏడీడీఎం అనే సాధనాన్ని అందులో చేర్చింది. 2017లో ఒరాకిల్ సహవ్యవస్థాపకుడు లారీ ఎలిసన్, తన నిర్వహణ తానే చూసుకునే అటానమస్ డేటాబేసును ప్రకటించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017లో, ఎగ్జిక్యూషన్ ప్లాన్ (క్వెరీని నడిపే దారి) చెడితే పాత మంచి ప్లాన్‌కు తనంతట తాను తిరిగి వెళ్లే సదుపాయం వచ్చింది. అసలు 1970లో ఐబీఎంలో ఉన్న ఎడ్గర్ కాడ్, డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడే, డేటా లోపల ఎలా పేర్చి ఉందో వాడుకునేవారికి తెలియనక్కరలేదన్నది దానికి పునాది. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ డీబీఏల పని అయిపోయిందన్నారు, అయినా మేము ఉన్నాము కదా అని కొందరు చెబుతుంటారు. ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పని మిగిలింది గానీ, ఒక మనిషి నెత్తిన పడే డేటాబేసుల సంఖ్య పెరిగింది. నేను చేరిన రోజుల్లో మా బృందంలో మనిషికి పది పన్నెండు ఉండేవి. ఇప్పుడు నా ఒక్కడి కిందే నూటికి పైగా ఉన్నాయి.

ఇక మిగిలిన పని ఎలాంటిదో ఒక సంఘటనతో చెబుతాను. కొన్ని నెలల క్రితం ఒక డెవలపర్ నలభై సెకన్లు పడుతున్న రిపోర్టును ఏఐకి చూపించి సలహా అడిగారు. అది లావాదేవీల టేబుల్ మీద మూడు ఇండెక్సులు (వెదకడాన్ని వేగం చేసే సూచికలు) వేయమంది. వేశాక రిపోర్టు రెండు సెకన్లలో వచ్చింది, అందరూ సంతోషించారు. ఆ నెలాఖరు రాత్రి, ఎప్పుడూ మూడు గంటల్లో ముగిసే బ్యాచ్ (ఒకేసారి నడిచే పెద్ద పని) అయిదు గంటలు దాటినా ముగియలేదు. ఆ బ్యాచ్ లక్షల వరుసలను ఆ టేబుల్‌లోకి ఎక్కిస్తుంది. ఒక్కో వరుస ఎక్కినప్పుడల్లా పాత ఇండెక్సులతో పాటు ఈ కొత్త మూడింటిలోనూ రాత పడాలి. తెల్లవారితే శాఖలు తెరుస్తారు. నేను లాగిన్ అయి చూస్తే ఆ సెషన్ నిరీక్షణంతా ఇండెక్స్ బ్లాకుల మీదే ఉంది. మూడింటిలో ఒకటి మాత్రమే రిపోర్టుకు నిజంగా అవసరమని ప్లాన్ చూసి తేల్చుకుని, మిగతా రెండింటినీ తీసివేశాము. బ్యాచ్ తెల్లవారుజామున ముగిసింది.

ఇక్కడ ఏఐ తప్పు చెప్పలేదు. దాన్ని రిపోర్టు గురించి మాత్రమే అడిగారు, అది రిపోర్టు గురించి మాత్రమే చెప్పింది. నెలాఖరున ఆ టేబుల్ మీదికి ఏమి వస్తుందో, శాఖలు ఎన్ని గంటలకు తెరుస్తారో ఆ ప్రశ్నలో లేవు. ఆ సంగతులు తెలిసినవారు ఆ గదిలోనూ లేరు. నాకు ఇప్పుడు జీతం వస్తున్నది ఆ సంగతులు తెలిసి ఉండటానికే.

ఆదోని పత్తి (ఆదోని) రాశారు:

హంద్రీ తీరం అన్న చెప్పినది నేను వేరే వైపు నుంచి చూస్తున్నాను. నేను ఆదోనిలో జిన్నింగ్ మిల్లులకు, కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాను. ఒక్కడినే, బృందమంటూ లేదు. అందుచేత ఏఐ వల్ల నాకు కలిగిన మేలు చాలా పెద్దది. కాటా చీటీ నమోదు చేసే స్క్రీన్ ఒకటి రాయడానికి ఇదివరకు రెండు రోజులు పట్టేది, ఇప్పుడు సగం పూటలో అవుతోంది.

అయితే అన్ని పనులూ వేగంగా అవుతున్నాయని నేను అనుకోను. మెటర్ అనే సంస్థ 2025లో ఒక అధ్యయనం ప్రచురించింది. తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు 246 పనులు చేశారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, వారు మాత్రం 20 శాతం వేగంగా చేశామని నమ్మారు. నా పాత కోడ్ దగ్గర నాకూ ఇదే అనుభవం. పదేళ్ల క్రితం రాసిన కమీషన్ లెక్కను సవరించమంటే అది రాసి ఇచ్చినదాన్ని చదివి సరిచూసుకునేసరికి, నేనే రాసి ఉంటే ఎప్పుడో అయిపోయేదనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. గత సీజన్‌లో ఒక మిల్లు యజమాని, తెలుగులో అడిగితే లెక్కలు చెప్పే ఏర్పాటు కావాలన్నారు. ప్రశ్నను ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష)గా మార్చే ఏఐ మోడల్‌ను పెట్టి చూపించాను. ఆయన "ఈ సంవత్సరం ఎంత పత్తి కొన్నాము?" అని అడిగారు. వెంటనే జవాబు వచ్చింది. ఆయన ముఖం చూస్తే ఆ అంకె ఆయన మనసులో ఉన్న అంకెకు దరిదాపుల్లో కూడా లేదని అర్థమయింది. క్వెరీ తెరిచి చూశాను. మోడల్ జనవరి 1 నుంచి లెక్కించింది. మా ఆడిటరుకు సంవత్సరమంటే ఏప్రిల్ నుంచి మార్చి. పత్తి వ్యాపారికి సంవత్సరమంటే అక్టోబరులో మొదలయ్యే సీజన్. ఆయన అడిగింది సీజన్ గురించి.

అది సరిచేశాక రెండో తప్పు బయటపడింది. కొనుగోళ్ల టేబుల్‌ను చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేసింది, అంటే కలిపింది. ఒక రైతుకు డబ్బు మూడు విడతలుగా ఇచ్చి ఉంటే ఆయన లాటు మూడుసార్లు కూడింది. మూడోది ఇంకా సూక్ష్మం. మేము పత్తిని క్వింటాళ్లలో కొంటాము, జిన్నింగ్ అయ్యాక దూదిని బేళ్లలో అమ్ముతాము, బేలంటే 170 కిలోలు. నా పాత టేబుల్‌లో రెండింటికీ పరిమాణం అన్న ఒకే కాలమ్ ఉంది, యూనిట్ ఏదన్నది పక్క కాలమ్‌లోని ఒక అక్షరాన్ని బట్టి తెలుస్తుంది. ఆ అక్షరం అర్థం నా తలలో తప్ప ఎక్కడా రాసి లేదు. దానికి మోడల్‌ను నేను తప్పుపట్టలేను. ఆ తరువాత రెండు వారాలు కూర్చుని ప్రతి కాలమ్‌కూ అర్థం, యూనిట్, సంవత్సరం అంటే ఏది అన్నవి రాసి, సరైన జాయిన్లతో వ్యూలు (ముందే సిద్ధం చేసిన క్వెరీలు) కట్టి, మోడల్‌కు ఆ వ్యూలు మాత్రమే కనబడేలా చేశాను. ఇప్పుడు పనికొస్తోంది. ఆ రెండు వారాల పనిని ఏఐ చేయలేకపోయింది. నేను చేయాల్సి ఉండి పదేళ్లుగా చేయని పని అది.

బుగ్గవంక (కడప) రాశారు:

పైన రాసిన ఇద్దరూ పని బాగా తెలిసినవారు. కింది మెట్టు మీద ఉన్నవాడి మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. ఒక కంపెనీలో నాలుగేళ్లు మొదటి స్థాయి డేటాబేస్ సపోర్ట్‌లో, ఎక్కువగా రాత్రి షిఫ్టులో పనిచేశాను. ఆరుగురం ఉండేవాళ్లం. అలర్ట్ వస్తే చూడటం, రన్‌బుక్‌లో (ముందే రాసిపెట్టిన సూచనల్లో) ఉన్నట్టు చేయడం, కాకపోతే పైవారిని నిద్రలేపడం మా పని. నిరుడు అలర్టులను వర్గీకరించి, సర్దుబాటు కూడా తానే చేసే సాధనం తెచ్చారు. ఆరుగురిలో ఇద్దరే మిగిలారు. నేను మిగలలేదు. ప్రస్తుతం కడపలో ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్నాను.

నా ఉద్యోగం పోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్న సంగతి ఇంకొకటి ఉంది. డేటాబేసంటే ఏమిటో నాకు తెలిసిందే ఆ రాత్రుల్లో. ఒకే టికెట్ ముప్పైసార్లు మూసివేశాక, ముప్పై ఒకటోసారి ఇది ఎందుకు వస్తోందని నాలో ప్రశ్న పుట్టేది. లాక్ అంటే ఏమిటో పుస్తకంలో చదివాను. ఒక సెషన్‌లో ఉన్న మనిషి కమిట్ చేయకుండా (మార్పును ఖరారు చేయకుండా) భోజనానికి వెళితే ఆ సెషన్ వెనుక నలభై సెషన్లు ఎలా వరుసకట్టి నిలబడతాయో తెరమీద చూశాకే అది నాకు తెలిసింది. ఆ మెట్టునే తీసివేస్తే, పదేళ్ల తరువాత హంద్రీ తీరం అన్నలాంటివారు ఎక్కడి నుంచి వస్తారు? నూరు డేటాబేసులను ఒంటిచేత్తో చూసే మనిషి మొదట ఒక డేటాబేసును చెడగొట్టి నేర్చుకున్నవాడే కదా.

హంద్రీ తీరం (కర్నూలు) రాశారు:

బుగ్గవంక తమ్ముడు అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. మా బృందంలోకి కొత్తవారిని తీసుకుని మూడేళ్లయింది. అడిగినప్పుడల్లా సాధనాలు ఉన్నాయి కదా అంటున్నారు. నేను రిటైరయ్యే నాటికి ఈ నూటి భారం ఎవరికి అప్పగించాలో తెలియక నాకూ దిగులుగా ఉంది. తమ్ముడూ, మీ వివరాలు నాకు వ్యక్తిగత సందేశంలో పంపండి. చేయగలిగింది చేస్తాను.

గడియార స్తంభం (అనంతపురం) రాశారు:

నేను అనంతపురం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో డీబీఎంఎస్ (డేటాబేసుల పాఠం) బోధిస్తాను. పెన్నా గట్టు, నువ్వు నా విద్యార్థినివి కాకపోయినా ఆ వయసుదానివి కనుక నువ్వు అనే రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం మా ల్యాబ్ రికార్డులన్నీ ఒక్కసారిగా అందంగా తయారయ్యాయి. ఎవరి క్వెరీలోనూ తప్పు ఉండటం లేదు. వైవాలో ఆ క్వెరీనే చూపించి ఈ గ్రూప్ బై ఎందుకు పెట్టావంటే మాత్రం మౌనం. వారిని కోప్పడి లాభం లేదని అర్థమై నేను ల్యాబ్‌నే మార్చాను. ఇప్పుడు క్వెరీ నేనే ఇస్తాను, ఎనిమిది వరుసల టేబుళ్లు రెండు కాగితం మీద ఇస్తాను, కంప్యూటర్లు ఆపివేసి ఎన్ని వరుసలు వస్తాయో రాయమంటాను. అందులో నాకు ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. ఫీజు కట్టినవారి టేబుల్‌లో ఒక వరుసలో విద్యార్థి నంబరు నల్‌గా (విలువ లేకుండా) ఉంటుంది. ఫీజు కట్టనివారు ఎవరని నాట్ ఇన్ (ఆ జాబితాలో లేనివి) వాడి రాసిన క్వెరీ ఇస్తాను. చాలామంది ముగ్గురని రాస్తారు. సరైన జవాబు సున్నా, ఎందుకంటే నల్‌తో పోల్చినప్పుడు నిజమూ రాదు, అబద్ధమూ రాదు, తెలియదని వస్తుంది. దాంతో ఏ వరుసా వడపోత దాటదు. కాలేజీలో ఫీజు బకాయిదారులే లేరని ఆ క్వెరీ చెబుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఈ తప్పును ఏఐ ఒక్కోసారి తనే పసిగడుతుంది, ఒక్కోసారి తనే చేస్తుంది. ఏది జరిగిందో చెప్పగలిగే కన్ను నా పిల్లలకు ఉండాలని నా తాపత్రయం.

భాషను ఎస్‌క్యూఎల్‌గా మార్చే పని ఎంత కష్టమో కొలిచిన పరీక్షలు కూడా ఉన్నాయి. 2018లో యేల్ విశ్వవిద్యాలయం వారు స్పైడర్ అనే పరీక్షను తెచ్చారు, 200 డేటాబేసులు, పదివేలకు పైగా ప్రశ్నలు. మోడళ్లు కొన్నేళ్లలోనే దాన్ని చాలా వరకు దాటిపోయాయి, ఎందుకంటే అందులోని డేటా చాలా వరకు శుభ్రంగా ఉండేది. 2023లో బర్డ్ అనే ఇంకొక పరీక్ష వచ్చింది. అందులో 95 డేటాబేసులు, 12,751 ప్రశ్నలు, నిజ జీవితంలోలాగే గజిబిజి విలువలు, పేరు చూస్తే అర్థం కాని కాలమ్‌లు ఉన్నాయి. అప్పటి చాట్‌జీపీటీకి వచ్చింది సుమారు 40 శాతం, మనుషులకు వచ్చింది సుమారు 93 శాతం. ఆ తరువాతి మోడళ్లు చాలా పైకి వచ్చాయి, ఇంకా వస్తాయి. అయితే బర్డ్ రూపకర్తలు ప్రశ్నతో పాటు, కాలమ్ అర్థమేమిటో చెప్పే చిన్న వివరణను కూడా ఇచ్చారు. ఆదోని పత్తి గారు రెండు వారాలు కూర్చుని రాసింది సరిగ్గా ఆ వివరణనే.

సిద్ధవటం (కడప) రాశారు:

ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. నేను డేటా భద్రత పని చేస్తాను. ఎర్రర్ వచ్చిందని ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న) టేబుల్ నుంచి యాభై వరుసలు తీసి, పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లతో సహా బయటి చాట్‌బాట్‌లో అతికించేవారు అన్ని చోట్లా ఉన్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే అవకాశం అందులో ఉంది. డేటాను మరుగుపరిచి ఇవ్వడం, ఎవరు ఏమి చూశారో ఆడిట్‌లో నమోదు చేయడం ఇప్పుడు డీబీఏ పనిలో పెరుగుతున్న భాగం.

రెండోది అధికారాల సంగతి. ఏఐ ఏజెంట్లకు (చెప్పిన పనిని తామే చేసే ఏఐ సాధనాలకు) డేటాబేసును నేరుగా కలిపి, ఏది కావాలంటే అది చేయనిచ్చే అలవాటు మొదలైంది. 2025 జులైలో ఒక కోడింగ్ వేదికలోని ఏజెంట్, మార్పులు చేయవద్దని చెప్పి ఉంచిన సమయంలోనే ప్రొడక్షన్ డేటాబేసును తుడిచివేసింది. పైగా వెనక్కి తీసుకురావడం సాధ్యం కాదని చెప్పింది, తీరా చూస్తే సాధ్యమయింది. ఇలాంటివి యంత్రమే చేస్తుందని కాదు. 2017 జనవరి 31న కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిపోయిన ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని మరొక సర్వర్‌లో డైరెక్టరీని చెరిపివేశారు. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతుల్లో చాలావరకు అక్కరకు రాలేదు, సుమారు ఆరు గంటల డేటా పోయింది. మనిషైనా ఏజెంటైనా చదవడానికే పనికొచ్చే అకౌంట్, ప్రొడక్షన్‌కు బదులు దాని రెప్లికా (నకలు) ఇవ్వడమే నేను పాటించే పద్ధతి. బ్యాకప్ ఉందా అని అడగడం నేను మానేశాను. చివరిసారి రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తేవడం) ఎప్పుడు చేసి చూశారని అడుగుతాను.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు) రాశారు:

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మేడమ్, మీ నాట్ ఇన్ ప్రశ్నను కాగితం మీద చేశాను, నేనూ ముగ్గురనే రాశాను.

అమీర్‌పేట కోర్సును ప్రస్తుతానికి వాయిదా వేశాను. నాన్నకు కూడా ఈ చర్చను చదివి వినిపించాను. ఆదోని పత్తి అన్న రాసిన సంవత్సరం గొడవ విని ఆయన చాలాసేపు నవ్వి, మా దుకాణంలో పండగ నుంచి పండగకు లెక్క చూస్తారని చెప్పారు. సిద్ధవటం గారి చివరి ప్రశ్న మాత్రం నా మనసులో నాటుకుంది. నేను ఇప్పటివరకు ఒక్కసారి కూడా రీస్టోర్ చేయలేదు. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేసి మొదలుపెట్టబోతున్నాను.

హంద్రీ తీరం (కర్నూలు) రాశారు:

మంచి ఆలోచన. ఊరికే బ్యాకప్ తీసి మళ్లీ పెట్టడం కాకుండా, కావాలని ఒక టేబుల్‌ను డ్రాప్ చేసి (తీసివేసి), దానికి అయిదు నిమిషాల ముందరి స్థితికి డేటాబేసును తీసుకురండి. ఏఐని వాడుకోండి, తప్పులేదు. అది చెప్పిన ప్రతి ఆదేశం ఏమి చేస్తుందో ముందు ఒక నోటుపుస్తకంలో మీ మాటల్లో రాసుకుని, ఆ తరువాతే నడపండి. ఎక్కడ ఆగితే అక్కడ ఇక్కడే అడగండి.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు) రాశారు:

తొమ్మిది రోజులకు తిరిగి వచ్చాను. సాయంత్రం 4:20కి టేబుల్‌ను డ్రాప్ చేసి, 4:15కి వెనక్కి వెళ్లాలని బేస్ బ్యాకప్ పెట్టి, రికవరీ లక్ష్య సమయం రాసి సర్వర్‌ను లేపాను. లేవలేదు. నిర్దేశించిన లక్ష్యాన్ని చేరకముందే రికవరీ ముగిసిందని లాగ్‌లో వచ్చింది. ఏఐని అడిగితే వాల్ ఫైళ్లు (మార్పులు వరుసగా నమోదయ్యే ఫైళ్లు) తప్పిపోయి ఉంటాయంది. రెండు రోజులు ఆ ఫైళ్లనే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, ఒక్కటీ తప్పిపోలేదు.

మూడో రోజు లాగ్‌ను మొదటి నుంచి నిదానంగా చదివాను. టేబుల్‌ను డ్రాప్ చేసిన వరుస పక్కన సమయం 10:50 అని ఉంది. నేను డ్రాప్ చేసింది 4:20కి. మధ్య తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఆ సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో నడుస్తోంది. నేను మన సమయమనుకుని రాసిన సాయంత్రం 4:15, దాని లెక్కలో మనకు రాత్రి 9:45, అంటే ఇంకా రాని సమయం. 10:45 అని మార్చి, బ్యాకప్‌ను మళ్లీ మొదటి నుంచి పెట్టి లేపాను. టేబుల్ వచ్చింది, 212 వరుసలూ ఉన్నాయి. మా అమ్మను పిలిచి చూపించాను.

ఇప్పుడు ఒక సందేహం. సర్వర్ లేచింది గానీ కొత్త వరుస రాయబోతే ఒప్పుకోవడం లేదు, చదవడానికి మాత్రమే ఇస్తోంది. రికవరీ ఇంకా ముగియలేదా?

హంద్రీ తీరం (కర్నూలు) రాశారు:

లక్ష్య సమయానికి చేరి అక్కడ ఆగి ఉంది. మీరు చూసి సరేనంటే ముందుకు వెళదామని ఎదురుచూస్తోంది. ఇప్పుడే ప్రమోట్ చేయవద్దు (రాయడానికి తెరవవద్దు). ముందు మిగతా టేబుళ్లలో కూడా వరుసలు లెక్కపెట్టి, డ్రాప్ చేయకముందు మీరు రాసుకున్న అంకెలతో సరిపోల్చండి. ఆ అంకెలు రాసుకోకపోయి ఉంటే, రేపు మళ్లీ మొదటి నుంచి చేయండి.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు) రాశారు:

రాసుకోలేదు అన్నా. రేపు మళ్లీ చేస్తాను.